జువారీకి ఇలాజ్: సజా నుంచి వైద్యం దాకా

1847లో ఢిల్లీ కొత్వాల్ మీర్జా గాలిబ్ ఇంటి మీద దాడి చేయించాడు. ఇంట్లో జువా ఆడిస్తున్నాడన్నది ఇల్జామ్. చౌసర్ అంటే గాలిబ్‌కు మహా షౌఖ్. పైసలు పెట్టి ఆడేవాడు. 1841లోనూ ఇదే విషయంలో జుర్మానా కట్టాడు. ఈసారి జుర్మానాతో వదల్లేదు, ఆరు నెలల ఖైదు వేశారు. మూడు నెలలకు బయటికొచ్చాడు. ఖైదులో ఉన్నప్పుడు ఫార్సీలో ఒక నజ్మ్ రాశాడు. అప్పటిదాకా మహఫిళ్లలో పక్కన కూర్చున్న దోస్తులు చాలామంది ముఖం చాటేశారు. నవాబ్ ముస్తఫా ఖాన్ షేఫ్తా లాంటి ఒకరిద్దరే చివరిదాకా సాథ్ ఇచ్చారు.

గాలిబ్‌ను జూదరి అని తేల్చడానికి ఈ కిస్సా ఎత్తుకోలేదు. ఆయనది షౌఖా, లత్తా అని అడిగేవాళ్లే ఆ జమానాలో లేరని చెప్పడానికి ఎత్తుకున్నాను. గాలిబ్ తిరిగిన బల్లీమారాన్ గల్లీల్లోనే షరీఫ్ ఖానీ హకీముల ఖాందాన్ ఉండేది. నబ్జ్ పట్టుకుని మర్జ్ చెప్పే ఉస్తాదులు వాళ్లు. అయినా జూదం హకీముల పని అని ఎవరికీ తోచలేదు. అది కొత్వాల్ పని, లేదంటే మౌల్వీ పని. ఒకరు సజా వేయాలి, ఇంకొకరు నసీహత్ చెప్పాలి.

ఈ రెండిటికీ వేల ఏళ్ల చరిత్ర ఉంది. ఇలాజ్ చరిత్ర మాత్రం వందేళ్లు కూడా నిండలేదు. ఈ చిన్న చరిత్ర తెలియకపోవడం వల్లే మన ఇళ్లలో ఇప్పటికీ కొడుకు రమ్మీ యాప్‌లో లక్షలు పోగొడితే ముందు కొడతారు, తర్వాత కసమ్ తినిపిస్తారు, ఆ తర్వాత కర్జా తీర్చి నికాహ్ చేస్తారు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలన్న ఖయాల్ అన్నిటికన్నా చివర్లో వస్తుంది. కొన్ని ఇళ్లలో వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

నసీహత్ చాలా పాతది

ఋగ్వేదం పదో మండలంలో 34వ సూక్తం ఒక జూదరి గోడు. అప్పటి పాచికలు తానికాయలు. పెళ్లాం ఛీకొట్టింది, అత్త అసహ్యించుకుంటోంది, తల్లి ఏడుస్తోంది, అప్పులవాళ్ల భయంతో రాత్రిళ్లు పరాయి ఇళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. ఇక ఆడనని అనుకుంటాడు, పాచికల చప్పుడు వినగానే కాళ్లు అటే నడుస్తాయి. చివర్లో పాచికలు మాని పొలం దున్నుకో అన్న ఉపదేశం ఉంది. మూడు వేల ఏళ్ల కిందటి ఈ మనిషిని ఇవాళ్టి సైకియాట్రిస్ట్ ముందు కూర్చోబెడితే ఐదు నిమిషాల్లో మర్జ్ పేరు చెప్పేస్తాడు. లక్షణాలన్నీ ఉన్నాయి. ఇలాజ్ స్థానంలో ఒక మంచి మాట మాత్రమే ఉంది.

ఇస్లాంకు ముందు అరబ్బుల్లో మైసిర్ అనే ఆట ఉండేది. ఒంటెను జిబహ్ చేసి, ఎవరి వాటా ఎంతో బాణాలు లాగి తేల్చేవారు. గెలిచిన మాంసాన్ని గరీబులకు పంచేవారు కాబట్టి దానికి సఖావత్ అన్న మంచి పేరు కూడా ఉండేది. ఖురాన్‌లో సూరె బఖరా 219వ ఆయత్ షరాబ్‌నూ మైసిర్‌నూ ఒకేచోట ప్రస్తావిస్తుంది. వాటిలో జనానికి కొంత ఫాయిదా ఉందని ఒప్పుకుంటూనే నుక్సాన్ దానికన్నా పెద్దదని చెబుతుంది. తర్వాత సూరె మాయిదా 90, 91 ఆయతులు రెండిటినీ పూర్తిగా వదిలేయమంటాయి. షరాబ్, జూదం ఒకే జాతికి చెందినవన్న ఈ మాటను గుర్తుంచుకోండి. దీనికి మళ్లీ వద్దాం.

సజా సంగతికొస్తే, ఇంగ్రేజులు 1867లో పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టం తెచ్చారు. జూదం ఇల్లు నడిపితే 200 రూపాయల దాకా జుర్మానా లేదా మూడు నెలల దాకా జైలు. అక్కడ ఆడుతూ దొరికితే 100 రూపాయలు లేదా నెల రోజులు. నిజాం రియాసత్‌లో 1305 ఫస్లీలో, అంటే 1895 ప్రాంతంలో, హైదరాబాద్ జూదం చట్టం వచ్చింది. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద 1963లో జరిగిన దాడి ఈ ఫస్లీ చట్టం కిందే కేసయి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబర్‌లో జస్టిస్ హిదాయతుల్లా రాసిన ఫైసలాలో రమ్మీలో నైపుణ్యానిదే పెద్ద పాత్ర అనీ, అది మూడు ముక్కలాట లాంటిది కాదనీ తేల్చారు. తర్వాత అర్ధ శతాబ్దం పాటు రమ్మీ వ్యాపారాలన్నీ ఈ ఒక్క ఫైసలా నీడలోనే బతికాయి. ఆట నైపుణ్యమా, కిస్మతా అని అదాలత్‌లు ఏళ్ల తరబడి బహస్ చేశాయి. ఆడకుండా ఉండలేని మనిషి గురించి చట్టానికి పట్టలేదు.

ఒక రష్యన్ కిస్సా

గాలిబ్ ఢిల్లీలో ఇంకా బతికుండగానే, యూరప్‌లో ఒక పెద్ద రచయిత రూలెట్ చక్రం ముందు బర్బాద్ అవుతున్నాడు. 1863 నుంచి దోస్తోయెవ్‌స్కీ జర్మనీ కాసినోల చుట్టూ తిరిగాడు. కర్జా ఇచ్చినవాళ్లు వెంటపడ్డారు. ఒక పబ్లిషర్‌తో చేసుకున్న దారుణమైన ఒప్పందం గడువు ముంచుకొస్తుంటే 1866 అక్టోబర్‌లో 26 రోజుల్లో ‘జూదరి’ నవల చెప్పి రాయించాడు. రాసుకున్న స్టెనోగ్రాఫర్ అన్నా గ్రిగోర్యెవ్నా మరుసటి ఏడాది అతని భార్య అయింది. తర్వాత నాలుగేళ్ల పరదేశ జీవితంలో ఆమె నగలు, బట్టలు, పెళ్లి ఉంగరాలు కూడా గిర్వీకి వెళ్లాయి. ప్రతిసారీ ఖత్ రాసేవాడు, ప్రతిసారీ ఇదే ఆఖరు అని వాదా చేసేవాడు.

1871 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌లో మళ్లీ ఓడిపోయాడు. మళ్లీ అదే వాదాతో ఖత్ రాశాడు. ఈసారి నిలబెట్టుకున్నాడు. చనిపోయేదాకా ఆడలేదు.

ఎలా మానాడన్న దాని మీద ఎన్నో కితాబులు వచ్చాయి. నా నజర్‌లో రెండు మూడు మామూలు విషయాలు కనిపిస్తాయి. ఆమె అతన్ని జలీల్ చేయలేదు. రష్యాకు తిరిగొచ్చాక ఇంటి హిసాబ్, అప్పులవాళ్లతో మాటామంతీ, 1873 నుంచి పుస్తకాల ప్రచురణ అంతా తన చేతుల్లోకి తీసుకుంది. 1872 చివరికల్లా జర్మనీలో కాసినోలు మూతపడ్డాయి. ఆ తర్వాత అతను సేహత్ కోసం జర్మనీ వెళ్లినా అక్కడ రూలెట్ లేదు. షరమ్ తగ్గింది, పైసలు వేరే చేతిలోకి పోయాయి, ఆట దూరమైంది. డాక్టర్ లేకుండా జరిగిన ఈ ఇలాజ్‌లోని ముక్కలనే తర్వాతి వందేళ్లలో ఒక్కొక్కటిగా డాక్టర్లు కనుక్కున్నారు.

దిమాగ్ లోపలికి

మొదట అడుగుపెట్టింది మనోవిశ్లేషకులు. 1928లో ఫ్రాయిడ్ దోస్తోయెవ్‌స్కీ మీదే ఒక వ్యాసం రాశాడు. తండ్రి మీద దాచుకున్న నేరభావమే అతన్ని ఆడించిందనీ, ఓడిపోవడం తనకు తాను వేసుకున్న సజా అనీ అన్నాడు. 1957లో ఎడ్మండ్ బెర్గ్లర్ జూదం మనస్తత్వం మీద ఒక పూర్తి పుస్తకం రాసి, జూదరి తనకు తెలియకుండానే ఓడాలని కోరుకుంటాడని వాదించాడు. ఈ సిద్ధాంతాలు ఇవాళ పెద్దగా నిలబడలేదు. ఏళ్ల తరబడి సోఫా మీద పడుకుని మాట్లాడే ఇలాజ్ గరీబువాడికి అందేదీ కాదు. అయినా ఒక మేలు జరిగింది. ‘వీడు చెడ్డవాడు’ అన్న మాట పక్కన ‘వీడికి లోపల ఏదో జరుగుతోంది’ అన్న మాట కూడా వచ్చి కూర్చుంది.

అదే 1957లో, సెప్టెంబర్ 13న, లాస్ ఏంజెలెస్‌లో గ్యాంబ్లర్స్ అనానిమస్ మొదటి సభ జరిగింది. దాన్ని పెట్టింది డాక్టర్లు కాదు, జువారీలే. 1935లో తాగుబోతుల కోసం మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ నమూనా తీసుకున్నారు. పేరు చెప్పనక్కర్లేదు, ఫీజు లేదు. తనలాగే నాశనమైనవాళ్ల మధ్య కూర్చుని తన కథ చెప్పుకోవాలి. వాళ్లు చేసిన ఇంకో పని నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. కొత్తగా వచ్చినవాడితో, పెళ్లయితే భార్యను కూడా పక్కన కూర్చోబెట్టి, ఎవరికెంత బాకీయో చివరి పైసా దాకా కాగితం మీద రాయిస్తారు. సంస్థ ఒక్క డాలర్ కూడా కట్టదు. ఎంత ఆమ్దనీ ఉంది, నెలకు ఎవరికి ఎంత కట్టగలడు అని పథకం వేయిస్తారు. జువారీ అసలు మర్జ్ సగం ఆ దాచిన హిసాబ్‌లోనే ఉంటుంది. ఒక బాకీ దాచాడంటే దాన్ని తీర్చడానికి మళ్లీ ఆడతాడు.

ఈ సంఘం మనుషులే అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో డాక్టర్ రాబర్ట్ కస్టర్‌ను కలిశారు. మాజీ సైనికుల బ్రెక్స్‌విల్ ఆసుపత్రిలో తాగుడు మాన్పించే వార్డు ఆయన చూసేవాడు. 1972లో అక్కడే జూదరులను ఆసుపత్రిలో చేర్చుకుని చికిత్స చేసే మొదటి కార్యక్రమం మొదలైంది. జూదరి ప్రయాణంలో మూడు దశలను కస్టర్ వివరించాడు. మొదట గెలుపు, తర్వాత పోయినదాని కోసం వెంటపడే ఓటమి, చివరికి అప్పు, అబద్ధం, దొంగతనం, చావు ఆలోచనల దాకా పోయే నిరాశ. కుటుంబం వచ్చి కర్జా తీర్చేస్తే మర్జ్ తగ్గదని, అది మళ్లీ ఆడటానికి ఊపిరి పోస్తుందని కూడా చెప్పాడు. మన దగ్గర జమీన్ అమ్మి కొడుకు బాకీ కట్టిన అబ్బాజాన్‌లకు ఈ మాట చేదుగా ఉంటుంది. కానీ ఆరు నెలలకు ఇంకో బాకీ బయటపడినప్పుడు అదే నిజమని తెలుస్తుంది.

1980లో అమెరికా సైకియాట్రిస్టుల మర్జుల గ్రంథం డీఎస్ఎం మూడో ముద్రణలో జూదం మొదటిసారి ఒక జబ్బుగా నమోదైంది. అందులో కస్టర్ కృషి పెద్దది.

షాక్ నుంచి సవాల్ దాకా

ఇలాజ్ పేరుతో జుల్మ్ కూడా జరిగింది. 1960ల్లో ఇంగ్లండ్‌లో కొందరు డాక్టర్లు జూదం మెషీన్‌ను ఆసుపత్రికే తెచ్చి, రోగి దాన్ని ఆడుతుండగా చేతికి కరెంటు షాకులు ఇచ్చారు. ఆటంటే వణుకు పుట్టాలన్నది ఆలోచన. కొందరు కొంతకాలం మానారు, కొందరు మళ్లీ మొదలుపెట్టారు. ఒకరకంగా ఇది కొత్వాల్ కొరడాకు తెల్లకోటు తొడగడమే. 1983లో ఆస్ట్రేలియా డాక్టర్ మెక్‌కొనాఘీ బృందం దీన్ని ఇంకో పద్ధతితో పోల్చి చూసింది. రోగిని ఒళ్లు వదులు చేసి పడుకోమంటారు. జూదం దుకాణం ముందు నిలబడ్డట్టు, ఆడాలనిపించినట్టు, ఆడకుండా వెనక్కి నడిచినట్టు ఖయాల్‌లో చూడమంటారు. షాకుల కన్నా ఈ నెమ్మది పద్ధతే బాగా పనిచేసింది.

మరి ఇంత పోగొట్టుకున్నా మళ్లీ ఎందుకు ఆడతాడు? బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలు ఒక జవాబిచ్చాయి. ప్రతిసారీ గింజ దొరికితే పావురం ఆకలిని బట్టి పొడుస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియనప్పుడు ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. జూదం మెషీన్ కూడా ఇదే లెక్క మీద నడుస్తుందని ఆయనే అన్నాడు.

మనిషికి పావురానికి లేని ఇంకో తక్లీఫ్ ఉంది, వహమ్. 1913 ఆగస్టు 18న మాంటీ కార్లోలో రూలెట్ బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపు రావాల్సిందే అని జనం ఎగబడి పందేలు కాసి లక్షలు పోగొట్టుకున్నారు. ఇంతకు ముందు ఏం పడిందో బంతికి యాద్ ఉండదు. 1975లో ఎలెన్ లాంగర్ ఇంకో వహమ్‌ను చూపించింది. పూర్తిగా కిస్మత్ మీద నడిచే ఆటలో కూడా టికెట్ తన చేత్తో ఎంచుకుంటే మనిషికి గెలుస్తానన్న యకీన్ పెరుగుతుంది. మన క్రికెట్ బెట్టింగ్ కుర్రాళ్లు ‘నాకు పిచ్ తెలుసు భాయ్’ అనడం ఇదే.

కెనడాలోని క్యూబెక్‌లో రాబర్ట్ లదుసూర్, కరోలిన్ సిల్వైన్ 1990ల్లో ఈ వహమ్‌నే ఇలాజ్‌కు గురి చేసుకున్నారు. ఆడేటప్పుడు దిమాగ్‌లో తిరిగే మాటలను రోగి చేతే పైకి చెప్పించి, ఒక్కో నమ్మకాన్నీ సవాల్ చేయించారు. దీనికి ఇంకొన్ని జత కలిశాయి. ఏ రోజు, ఏ చోట, ఏ మనోస్థితిలో ఆడాలనిపిస్తుందో రాసుకోవడం, జీతం రోజు కోసం ముందే తర్కీబ్ చేసుకోవడం, ఖాళీ సాయంత్రాలకు వేరే పని చూసుకోవడం. ఈ పద్ధతినే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటున్నారు. 2006లో నాన్సీ పెట్రీ బృందం 231 మందిని మూడు గుంపులుగా చేసి చూసింది. కేవలం గ్యాంబ్లర్స్ అనానిమస్‌కు వెళ్లమన్నవాళ్ల కన్నా, దానితోపాటు ఎనిమిది విడతలు ఈ థెరపీ చేయించుకున్నవాళ్లు మెరుగ్గా ఉన్నారు. అదే థెరపీ ఉన్న వర్క్‌బుక్ ఇచ్చినా కొంత ఫాయిదా కనిపించింది. కెనడాలోనే డేవిడ్ హాడ్జిన్స్ బృందం ఒక్క ఫోన్ సంభాషణ, పోస్టులో పంపిన చిన్న పుస్తకం కూడా చాలామందికి సహారా అవుతాయని 2001లో చూపింది. ఆ సంభాషణలో తిట్లు ఉండవు. ‘మానాలని నీకెందుకు అనిపిస్తోంది?’ అని అతని నోటితోనే చెప్పిస్తారు.

దవా కథ

2005లో మేయో క్లినిక్ డాక్టర్లు పార్కిన్సన్ జబ్బుకు మందు వాడుతున్న 11 మంది గురించి రాశారు. వాళ్లు ఉన్నట్టుండి జూదంలో పడ్డారు. మెదడులో డోపమైన్ పనిని అనుకరించే ఆ మందు ఆపడమో తగ్గించడమో చేస్తే జూదం మానినవాళ్లూ అందులో ఉన్నారు. ఒక గోలీ జువారీని తయారు చేయగలదంటే, మానలేకపోవడాన్ని ఉత్త కేరెక్టర్ లోపం అని ఎలా అనగలం?

మాన్పించే మందు కోసం కూడా వెతికారు. నల్లమందు, తాగుడు అలవాట్లలో వాడే నాల్ట్రెక్సోన్ కొందరిలో ఆడాలన్న తహతహను తగ్గిస్తుందని 2001 నుంచి పరీక్షలు వచ్చాయి. ఇది అందరికీ పనిచేసే దవా కాదు. లివర్ చూసుకుని డాక్టర్ రాయాల్సినది. 2025 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మొదటి స్థానం థెరపీదే. అది చాలనప్పుడే నాల్ట్రెక్సోన్ సంగతి ఆలోచించమన్నారు. దిగులు, నిద్రలేమి, తాగుడు జతగా ఉంటే వాటికీ వైద్యం చేయాలి.

2013లో డీఎస్ఎం ఐదో ముద్రణ జూదాన్ని పాత చోటు నుంచి తీసి షరాబ్, డ్రగ్స్ ఉన్న అధ్యాయంలోకి మార్చింది. సూరె బఖరా మాట యాద్ చేసుకోమన్నది అందుకే. సైన్స్ మన కితాబ్ మీద మొహర్ వేసిందని జబ్బలు చరుచుకోవడానికి మాత్రం కాదు. హరామ్ అని 1400 ఏళ్లుగా తెలిసిన ఖౌమ్‌లోనూ జువారీలు ఉన్నారు. హరామ్ అని తెలిసీ మానలేనివాడికి కర్జాతోపాటు గునాహ్ బోజా కూడా గుండె మీద పడుతుంది. మస్జిద్‌లో పక్కనున్నవాడికి చెప్పలేడు, ఇంట్లో చెప్పలేడు. దాస్తాడు. దాచినకొద్దీ ఆడతాడు. తౌబా అల్లాకూ బందాకూ మధ్య సంగతి. ఇలాజ్ డాక్టర్‌కూ మరీజ్‌కూ మధ్య సంగతి. ఒకటి చేసుకుంటే రెండోది అక్కర్లేదని ఏ హకీమూ చెప్పలేదు.

దర్వాజా మూయడం

దోస్తోయెవ్‌స్కీ విషయంలో కాసినోలు వాటంతట అవే మూతపడ్డాయి. 1996లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, మనిషి తన మీద తనే కాసినో నిషేధం రాయించుకునే పద్ధతి తెచ్చింది. బ్రిటన్‌లో 2018లో వచ్చిన గామ్‌స్టాప్‌లో ఒకసారి పేరు రాసుకుంటే, లైసెన్సున్న ఆన్‌లైన్ జూదం సైట్లన్నీ అతన్ని బయటే ఆపాలి. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ క్రెడిట్ కార్డుతో జూదం ఆడనివ్వరు. ఇచ్ఛాశక్తి బలంగా ఉన్న పొద్దున పూట తాళం వేసి, బలహీనపడే రాత్రి పూటకు చాబీ దొరకకుండా చేయడమే ఈ తర్కీబ్.

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. దర్వాజా మూయడం మంచిదే. కానీ లోపల అలవాటు పడ్డ దిమాగ్‌కు చట్టం తెలియదు. అది బుకీని వెతుక్కుంటుంది, టెలిగ్రామ్ లింకును వెతుక్కుంటుంది. మూసిన దర్వాజా పక్కనే దవాఖానా దర్వాజా తెరిచి ఉండాలి. అది మన జిల్లాల్లో ఇంకా సగమే తెరిచి ఉంది.

కాబట్టి ఇంట్లో ఎవరైనా ఈ మర్జ్‌లో ఉంటే చరిత్ర చెప్పే పనులు ఇవి. అన్ని బాకీలూ ఒక కాగితం మీదికి తీసుకురండి. బాకీ మొత్తం ఒక్కసారి మీరు కట్టేయకండి, అతని ఆమ్దనీ నుంచి నెలనెలా కట్టించండి. జీతం ఖాతా, యూపీఐ కొంతకాలం నమ్మకస్తుల చేతిలో పెట్టించండి. ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి. ముందు మాట్లాడాలంటే టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి, అది ఉచితం. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాఉమ్మీద్ కావద్దు. అమెరికా జాతీయ సర్వేలను పరిశీలించి 2006లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒకప్పుడు జూదం మర్జ్ ఉన్నవాళ్లలో మూడో వంతుకు పైగా గడిచిన ఏడాదిలో ఆ బాధ లేకుండా ఉన్నారు. ఇలాజ్ కోసం ఎవరి దగ్గరికైనా వెళ్లినవాళ్లు ఎనిమిదో వంతు కూడా లేరు. అంటే మానడం సాధ్యమే, వైద్యం ఉన్నా వెళ్లేవాళ్లే తక్కువ. మధ్యలో ఒకసారి మళ్లీ ఆడితే అంతా పోయిందనుకోకండి. ఎక్కడ జారాడో డాక్టర్‌తో కలిసి చూసి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. దోస్తోయెవ్‌స్కీ కూడా 1871 వాదాకు ముందు అలాంటి వాదాలు చాలా తప్పాడు.